పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా: మన తెలుగు పిల్లల కాలేజీ చదువు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు, చాలామందికి నచ్చని జవాబులు

మీరెవరు? ఈ జవాబులు ఎందుకు రాస్తున్నారు?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న గజపతి జిల్లాలో ఒక కాలేజీ ఆఫీసులో 26 ఏళ్ళు పనిచేశాను. ఎక్కువ కాలం అడ్మిషన్ సెక్షన్‌లోనే. ఫారాలు సరిచూడడం, సర్టిఫికెట్లు తీసుకోవడం, ఫీజు రసీదులు రాయడం నా పని. జూన్, జూలై వచ్చాయంటే తెలుగు ఇళ్ళవాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చి ముందు చుట్టూ చూసి, తర్వాత గొంతు తగ్గించి తెలుగులో అడిగేవారు: "అప్పా, మా గుంటణ్ణి ఏటి చదివించమంటావు?" (అప్ప అంటే మా వైపు అక్క, గుంటడు అంటే పిల్లడు.) ఆ కిటికీ దగ్గర నిలబడి పూర్తి జవాబు చెప్పే తీరిక ఉండేది కాదు, వెనక లైను ఉండేది. అప్పుడు చెప్పలేకపోయినవే ఇవి. వీటిలో చాలా మాటలు మా చుట్టాలకే నచ్చవు. అయినా రాస్తున్నాను. ఈ విషయంలో నేనే ఒకసారి పెద్ద తప్పు చేశాను కాబట్టి.

మెట్రిక్ (పదో తరగతి) అవగానే విశాఖపట్నమో విజయవాడో పంపి హాస్టల్లో పెట్టకపోతే పిల్లడు వెనకబడిపోడా?

వెనకబడడు. పదిహేనేళ్ళ పిల్లణ్ణి ఇంటి నుంచి తీసి రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో పెట్టడం మన సరిహద్దు ఇళ్ళలో చేస్తున్న అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. అది చదువు అనుకుని చేస్తున్నాం.

మా పెద్దవాణ్ణి నేనే పంపాను. మెట్రిక్‌లో మంచి మార్కులొచ్చాయి, లెక్కల్లో క్లాసు ఫస్టు. మా ఆయన వద్దన్నాడు, నేను పట్టుబట్టాను. పాతపట్నం బస్టాండులో ఇనప పెట్టె, పరుపు చుట్ట, పచ్చడి సీసాలతో బస్సెక్కించాం. అక్కడ తెల్లారగట్ల స్టడీ అవర్, రాత్రి పది దాకా మళ్ళీ స్టడీ అవర్, వారం వారం పరీక్ష, పరీక్ష అయ్యాక ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. మొదటి మూడు నెలలు ఫోన్లో "బాగానే ఉన్నానమ్మా" అన్నాడు. తర్వాత అదీ అనడం మానేశాడు, "ఊఁ" అనేవాడు.

దసరా సెలవులకి వచ్చి సంచి గుమ్మంలో పెట్టి, "అమ్మా, నేను నిద్రపోతాను" అన్నాడు. రెండు రోజులు పడుకున్నాడు. మూడో రోజు బట్టలు ఉతుకుదామని పెట్టె తీశాను. నేను కొనిచ్చిన రెండు కొత్త చొక్కాలు మడత విప్పకుండా ఉన్నాయి. అడుగున ప్లాస్టిక్ కవరులో వారం వారం ఇచ్చే ర్యాంకు స్లిప్పులు, రబ్బరు బ్యాండు వేసి. పైవాటి మీద పెన్సిలుతో ఏవో లెక్కలు వేసుకున్నాడు, ఎన్ని మార్కులు తగ్గాయి, ఎక్కడ తగ్గాయి అని. కింద ఉన్న ఏడెనిమిది స్లిప్పుల మడత కూడా విప్పలేదు. చదువంటే అంత ఇష్టమున్న పిల్లవాడు తన మార్కులు చూసుకోవడమే మానేశాడు. ఆ స్లిప్పులు చేతిలో పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాను.

రెండో ఏడాది మేం పంపలేదు. కట్టిన ఫీజులో రూపాయి తిరిగి రాలేదు. ఇక్కడే మళ్ళీ ప్లస్ టూ (ఇక్కడి ఇంటర్) మొదటి ఏడాదిలో చేరాడు, ఒక సంవత్సరం పోయింది. తర్వాత ఫిజిక్స్ ఆనర్స్, బరంపురం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, బీఈడీ. ఇప్పుడు రాయగడ వైపు ఒక హైస్కూల్లో సైన్సు చెబుతున్నాడు. బాగున్నాడు. కానీ ఆ పరీక్షల గురించి ఇప్పటికీ ఇంట్లో మాట ఎత్తడు, మేమూ ఎత్తం.

అక్కడ అందరు పిల్లలకీ ఇలాగే అవుతుందని అనడం లేదు. పోటీ అంటే ఉత్సాహపడేవాళ్ళున్నారు, వాళ్ళకి నప్పుతుంది. మీ పిల్లడు ఆ రకమో కాదో పదిహేనేళ్ళప్పుడు మీకు తెలిసిపోయిందనుకోకండి. ముందు వాణ్ణి అడగండి. నేను అడగలేదు.

కానీ అక్కడ ఇంటర్ చదివితే ఆంధ్రలో లోకల్ అయిపోతాడు కదా? ఇంజనీరింగ్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తాయి కదా?

రావు. కిటికీ దగ్గర ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

ఆంధ్రలో సీట్లు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నింపుతారు, దానికి ఆధారం రాజ్యాంగంలోని 371-డి అధికరణం. 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికుడు కావాలంటే అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వెనక్కి వరుసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే ఇంటర్ రెండేళ్ళతో పాటు తొమ్మిది, పది కూడా. పర్లాకిమిడిలో మెట్రిక్ చేసి పాతపట్నంలోనో టెక్కలిలోనో రెండేళ్ళు ఇంటర్ చదివినంత మాత్రాన లోకల్ కాడు. మిగిలిన 15 శాతానికి కూడా తల్లిదండ్రుల నివాసం, ఉద్యోగం లాంటి షరతులున్నాయి. అవి ఎవరికి వర్తిస్తాయో ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో రాసి ఉంటుంది, ఏజెంటు మాట కాకుండా అది చదవండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ రాష్ట్రం తన వాళ్ళకోసం పెట్టుకున్న పథకం.

కులం సర్టిఫికెట్ సంగతీ అంతే. ఆంధ్రలో బీసీ జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండాలని లేదు, ఇక్కడున్నది అక్కడ ఉండాలనీ లేదు. పెళ్ళిసంబంధాలు రెండువైపులా కలిసే ఉన్నా సర్టిఫికెట్లు కలవవు.

ఇటువైపు ఏం పోతుందో కూడా చూడండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, 1962 నుంచి. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకి పోగా మిగిలిన 85 శాతం రాష్ట్రం చేతిలో ఉంటాయి. ఒడిశా నివాసి అయిన మన పిల్లలకి ఆ 85 శాతంలో హక్కుంది. తహసీల్దారు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్ విలువ ఏమిటో తెలియక, ఆధార్ అడ్రసు కూడా అటువైపు మార్చుకుని, రెండు రాష్ట్రాల్లోనూ బయటివాళ్ళుగా మిగిలిన కుటుంబాలను చూశాను.

మన ఊళ్ళో ప్లస్ త్రీ (మూడేళ్ళ డిగ్రీ) చేస్తే విలువేముంటుంది? ఇంకేదీ దొరకనివాళ్ళు చేరేది కదా అది?

ఈ మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

పర్లాకిమిడి రాజావారి స్కూలు 1896లో కాలేజీ అయింది. ఇప్పుడు కృష్ణచంద్ర గజపతి కాలేజీ అంటున్నది అదే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, ఈ కాలేజీ అంతకు నలభై ఏళ్ళ ముందే ఉంది. బరంపురం ఖల్లికోట కాలేజీ ఇంకా పాతది, 1878 నుంచి అక్కడ కాలేజీ క్లాసులున్నాయి. బరంపురంలో పుట్టిన మన తెలుగాయన వి.వి.గిరి ఆ కాలేజీలోనే చదివారు, తర్వాత డబ్లిన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతులవుతారని చెప్పడానికి కాదు ఇది. ఇక్కడి కాలేజీ గుమ్మం దాటినవాళ్ళకి ఆ తర్వాతి గుమ్మాలు మూసుకుపోలేదని చెప్పడానికి.

ప్లస్ త్రీలో ఆనర్స్ అంటే ఒక సబ్జెక్టు మీద కుదురుగా కూర్చునే అవకాశం. ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎకనామిక్స్, హిస్టరీ, ఏదైనా సరే. బ్యాంకు పరీక్షలకీ, రైల్వేకీ, స్టాఫ్ సెలక్షన్‌కీ, సివిల్ సర్వీసులకీ అడిగేది డిగ్రీ. ఏ ఊరి డిగ్రీ అని అడగరు. జాతీయ విద్యా విధానం వచ్చాక డిగ్రీ మూడేళ్ళకి ఆపుకోవచ్చు, ఇదివరకు మూడేళ్ళకే వచ్చే ఆనర్స్ ఇప్పుడు నాలుగో ఏడాది చదివితే వస్తుంది, మధ్యలో ఆగితే ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్ళకి డిప్లొమా ఇస్తారు. అయినా ఇక్కడ అందరూ ఇంకా ప్లస్ త్రీ అనే అంటున్నారు, నేనూ అదే అంటాను.

సరే, కానీ అక్కడ లెక్చరర్లే ఉండరు కదా?

చాలాచోట్ల నిజమే, కప్పిపుచ్చను. ఖాళీ పోస్టులున్నాయి, గెస్టు లెక్చరర్లతో నడుస్తున్న డిపార్టుమెంట్లున్నాయి. సంవత్సరం సగమయ్యాక టీచరు వచ్చిన సబ్జెక్టులు నేనే చూశాను.

అందుకని చేరే ముందు కాలేజీకి వెళ్ళండి. మీ పిల్ల తీసుకోబోయే ఆనర్స్ డిపార్టుమెంటులో ఎంతమంది ఉన్నారు, ల్యాబు తాళం తీస్తున్నారా, లైబ్రరీలో పుస్తకాలు ఇంటికి ఇస్తారా అని రెండో ఏడాది పిల్లల్ని అడగండి. ఆఫీసులో నన్ను అడిగినదానికన్నా వాళ్ళని అడిగితే నిజం తెలుస్తుంది. ఒక డిపార్టుమెంటు బాగా లేకపోతే పక్కది బాగుండొచ్చు. కేంద్ర ప్రభుత్వపు స్వయం పోర్టల్‌లో ఐఐటీల వాళ్ళు, పెద్ద యూనివర్సిటీల వాళ్ళు చెప్పే పాఠాలు ఉచితంగా ఉన్నాయి. యూనివర్సిటీ ఒప్పుకుంటే 40 శాతం దాకా క్రెడిట్లు వాటితో తెచ్చుకోవచ్చని, యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ నిబంధనే ఉంది. లక్షలు పోసి చేరిన చాలా ప్రైవేటు కాలేజీల్లోనూ లెక్చరర్ల కొరత ఇలాగే ఉంటుంది. అక్కడ గోడలకి రంగు కొత్తగా ఉండడం వల్ల మనకి కనబడదు.

పిల్లలు ఒడియా ఎందుకు నేర్చుకోవాలి? మనం తెలుగువాళ్ళం కదా?

మన సంఘంలో ఈ జవాబుకి నన్ను చాలామంది తప్పుపట్టారు. అయినా ఒడియా రాయడం, చదవడం బాగా నేర్పించండి అనే చెబుతాను.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఏడో తరగతిలోనో ఆ పైనో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదంటే మిడిల్ స్కూలు స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి. టీచరు పోస్టు, రెవెన్యూ, పోలీసు, పంచాయతీ, ఏదైనా సరే. ఇంగ్లీషు మీడియంలో చదివించి, రెండో భాషగా హిందీయో సంస్కృతమో తీసుకుని, తర్వాత డిగ్రీ చేతిలో పట్టుకుని ఈ ఒక్క కాగితం లేక ఆగిపోయిన పిల్లలు నా దగ్గరికి వచ్చేవారు. ఇరవై రెండేళ్ళ పిల్ల ఒడియా అక్షరాలు దిద్దుకుంటూ కూర్చోవడం చూస్తే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. సిగ్గుపడాల్సింది ఆ పిల్ల కాదు, చిన్నప్పుడు "మనకెందుకే ఆ భాష" అన్న పెద్దవాళ్ళం.

మన పిల్లలు వీధిలో ఒడియా ఎలాగూ మాట్లాడతారు. సంతలో బేరం ఒడియాలో, ఇంట్లో తెలుగు, మొబైల్లో హిందీ. మాట వచ్చినప్పుడు రాత రావడానికి రోజుకో గంట చొప్పున ఒక ఏడాది చాలు. ఉన్న ఊళ్ళో, ఉన్న రాష్ట్రంలో, చేతిలో డిగ్రీ ఉండి కూడా భాష రాక బయటివాళ్ళలా బతకాల్సిన అవసరం మన పిల్లలకి లేదు.

అయితే తెలుగు వదిలేయాలా?

అస్సలు వద్దు. గిడుగు రామమూర్తి పంతులుగారు బతికి, పనిచేసిన ఊరు ఇది. ఇక్కడి స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూనే ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళకోసం పుస్తకాలు రాశారు, మనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని జీవితమంతా వాదించారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ బాధతోనే ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకుంటున్నాం. పక్క కొండల మీది వాళ్ళ భాష నేర్చుకున్నంత మాత్రాన ఆయన తెలుగు తగ్గిపోలేదు. ఇంట్లో పిల్లల చేత తెలుగు చదివించండి, తాతకి ఉత్తరం రాయించండి. స్కూల్లో తెలుగు సబ్జెక్టు ఉంటే వదలకండి.

ఇంజనీరింగ్ చదివించకపోతే నలుగురిలో తలెత్తుకోలేం అంటున్నారు.

ఆ నలుగురూ ఫీజు కట్టరు.

పనిముట్టు పట్టుకుంటే వదలని పిల్లలుంటారు. ఫ్యాను విప్పేవాళ్ళు, మోటారు బాగుచేసేవాళ్ళు. వాళ్ళకి బీటెక్ కన్నా ముందు డిప్లొమా గురించి చెప్పండి. బరంపురంలో ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూలు ఉంది, ప్రభుత్వానిది. మెట్రిక్ తర్వాత మూడేళ్ళు. అది పాసయ్యాక బీటెక్ కావాలనిపిస్తే లేటరల్ ఎంట్రీతో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐ అంటే ముఖం చిట్లించేవాళ్ళు ఒకసారి బరంపురం ప్రభుత్వ ఐటీఐ ఆవరణలోకి వెళ్ళి, పిల్లలు తుక్కు ఇనుముతో చేసి నిలబెట్టిన బొమ్మలు చూసి రావాలి. దామంజోడిలో నాల్కో, సునాబెడాలో హెచ్ఏఎల్, రాయగడలో పేపరు మిల్లు, ఇవన్నీ నడిచేది ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్ల చేతుల మీదే. ఐటీఐ అవగానే అప్రెంటిస్‌గా చేరితే నెలనెలా స్టైపెండ్ కూడా వస్తుంది.

లెక్కలంటే, కోడింగ్ అంటే ప్రాణం పెట్టే పిల్ల అయితే తప్పకుండా ఇంజనీరింగ్ చదివించండి. పక్కింటివాళ్ళ అబ్బాయి చదివాడని మాత్రం చదివించకండి.

బ్యాంకు లోను ఉంది కదా, ఫీజుకి భయమెందుకు?

కాగితం మీద లెక్క వేద్దాం. కాలేజీ ఫీజు ఏటా 1,25,000, నాలుగేళ్ళకి 5 లక్షలు, అంతా లోనే. వడ్డీ 10 శాతం అనుకుందాం. చదివే నాలుగేళ్ళు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు, కానీ వడ్డీ లెక్క మొదటి రోజు నుంచే. మొదటి ఏడాది తీసుకున్న సొమ్ము మీద 5 ఏళ్ళ వడ్డీ, రెండో ఏడాదిదాని మీద 4, మూడోదాని మీద 3, నాలుగోదాని మీద 2. కలిపి 14 వడ్డీలు, ఒక్కొక్కటి 12,500. మొత్తం 1,75,000. కిస్తీ మొదలయ్యే రోజుకి బాకీ 6,75,000. పదేళ్ళలో తీర్చాలంటే నెలకి సుమారు 8,900. చివరికి కట్టేది 10 లక్షల 70 వేల దగ్గరికి వస్తుంది. ఇందులో హాస్టలు, భోజనం, రానుపోను ఖర్చులు లేవు.

ఇప్పుడు ఆ కాలేజీలో పోయినేడు పాసైన పిల్లల్లో, మీకు తెలిసిన ముగ్గురికి చేతికి ఎంత జీతం వస్తోందో కనుక్కోండి. గోడ మీద ఫొటో ఉన్న ఒక్కడిది కాదు, మామూలుగా పాసైన ముగ్గురిది. 15,000 వస్తున్నవాడు 8,900 కిస్తీ కట్టి ఊరుకాని ఊళ్ళో ఏం తిని బతుకుతాడు? ఉద్యోగం ఉండి కూడా ఇంటి నుంచే డబ్బు పంపించుకుంటున్న పిల్లలున్నారు, వాళ్ళ అమ్మలు నాకు తెలుసు.

లోను తప్పదనుకుంటే ఇవి గుర్తుంచుకోండి. 4 లక్షల దాకా ష్యూరిటీ, మార్జిను (మన చేతి నుంచి పెట్టాల్సిన వాటా) అడగకూడదు. ఏడున్నర లక్షల దాకా భూమి కాగితాలు తాకట్టు పెట్టమనకూడదు. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, కాలేజీల నాణ్యత సరిచూసే న్యాక్ గానీ ఎన్‌బీఏ గానీ గుర్తింపున్న చోట వృత్తి, సాంకేతిక కోర్సులకి చదివే ఏళ్ళ వడ్డీ, ఆ తర్వాతి ఏడాది వడ్డీ కేంద్రం భరించే పథకం ఉంది. లోను తీసుకునేటప్పుడే దానికి కాగితాలు పెట్టాలి.

నీట్‌కో జేఈఈకో లాంగ్ టర్మ్ కోచింగ్ ఎన్నేళ్ళు పెట్టించాలి?

పిల్ల తనంతట తాను అడిగితే ఒక ఏడాది. అంతకు మించి వద్దు. నీట్‌కి వయసు పరిమితి లేదు కాబట్టి ఇంకోసారి, ఇంకోసారి అంటూ మూడేళ్ళు గడిచిపోతాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్ అయితే వరుసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయనిస్తారు. ఆ ఏడాది కూడా ప్లస్ త్రీలో పేరు ఉంచుకుని రాస్తే మేలు, తిరిగి రావడానికి ఒక చోటు ఉంటుంది.

బెంగళూరులో నర్సింగ్ సీటు ఇప్పిస్తామని ఏజెంటు వచ్చాడు. పంపొచ్చా?

మే నెలాఖరు నుంచి వీళ్ళు చేతిలో రంగు ఫైలు, ఫోన్లో ఫొటోలతో ఇంటింటికీ తిరుగుతారు. నర్సింగ్ మంచి చదువు, గౌరవమైన పని, మన పిల్లలు చాలామంది దానితో నిలబడ్డారు. కానీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, ఆ రాష్ట్రపు నర్సింగ్ కౌన్సిల్ జాబితాల్లో ఆ కాలేజీ పేరు, ఆ ఏటి సీట్లు ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. యూనివర్సిటీ అని చెప్తే యూజీసీ వెబ్‌సైటులో వెతకండి, నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా అక్కడే పెడతారు. రసీదు కాలేజీ పేరు మీద ఉండాలి. "చెయ్యి రసీదు చాలమ్మా" అన్నవాడికి టీ ఇచ్చి పంపేయండి.

ఆడపిల్లని దగ్గర్లోనే ప్లస్ త్రీ చేయించి పెళ్ళి చేసేద్దామనుకుంటున్నాం. మీరూ దగ్గరి కాలేజీయే మంచిదంటున్నారు కదా?

నా మాటని దీనికి వాడుకోకండి. దగ్గరి కాలేజీలో చదవమన్నది డబ్బు, మనసు, నిద్ర మిగులుతాయని. మిగిలిన డబ్బు కట్నానికి కాదు, ఆ పిల్ల తర్వాతి చదువుకి.

మా ఆఫీసుకి ఒక అమ్మాయి సీఎల్‌సీ (కాలేజీ వదిలి వెళ్ళేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్) కోసం వచ్చింది, రెండో ఏడాది మధ్యలో. ఎకనామిక్స్ ఆనర్స్, మంచి మార్కులు. ఫారంలో "కారణం" అన్న గడి ఖాళీగా వదిలేసింది. "ఏమ్మా, రాయలేదేం?" అన్నాను. పక్కన తల్లి, "పెళ్ళి కుదిరిందండి, రాయవే" అంది. ఆ పిల్ల పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగి, ఒడియాలో కాదు, ఇంగ్లీషులో కాదు, తెలుగులో "పెళ్ళి" అని రాసింది. కాలేజీ రికార్డులో తెలుగులో ఉన్న మాట అదొక్కటే అయుంటుంది. ఆ రోజు సాయంత్రం దాకా ఆ ఫారం ఫైల్లో పెట్టలేకపోయాను. ఒక్క ఏడాదిన్నర ఆగండి అని ఆ తల్లికి గట్టిగా చెప్పాల్సింది. వెనక లైను ఉంది, చెప్పలేదు.

అబ్బాయిని దూరం పంపడానికి అప్పు చేసే ఇల్లే అమ్మాయికి బస్సు పాసు కొనడానికి ఆలోచిస్తోంది. బరంపురంలో శశిభూషణ్ రథ్ ప్రభుత్వ మహిళా కళాశాల ఉంది, యూనివర్సిటీ ఉంది, హాస్టళ్ళున్నాయి. ప్లస్ త్రీ తర్వాత పీజీకి పంపండి.

ఇంట్లో పరిస్థితి బాగాలేక పనిలో చేరాడు. ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ చేస్తే నవ్వుతారేమో?

గిడుగు పంతులుగారు పర్లాకిమిడిలో టీచరుగా పనిచేస్తూ, ప్రైవేటుగా చదివే ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది), బి.ఏ. పాసయ్యారు. ఆయన చదువుని ఎవరూ తక్కువ అనలేదు. కేంద్ర ప్రభుత్వపు దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నో 1985 నుంచి ఉంది. యూజీసీ గుర్తింపున్న దూరవిద్య డిగ్రీకి ఉద్యోగాల్లో మామూలు డిగ్రీతో సమానమైన విలువ ఉంది. చేరే ముందు ఆ కోర్సుకి ఆ ఏడాది అనుమతి ఉందో లేదో చూసుకోవాలి, అంతే. షాపులో పనిచేస్తూ రాత్రి అసైన్‌మెంట్లు రాసే పిల్లవాడు, ర్యాంకు వచ్చిన పిల్లవాడికంటే నా దృష్టిలో ఏమాత్రం తక్కువ కాదు.

మంచి ర్యాంకు వచ్చినా ఇక్కడే ఉంచేయాలా?

అలా అనలేదు. ఐఐటీ, ఎన్ఐటీ, ఎయిమ్స్, మంచి సెంట్రల్ యూనివర్సిటీ వస్తే అప్పు చేసైనా పంపండి. బరంపురంలోనే 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యా సంస్థ ఉంది. దేశమంతటి నుంచి పిల్లలు అక్కడికి సైన్సు చదవడానికి వస్తున్నారు. మన ఊళ్ళలో ఆ పేరే తెలియని తల్లిదండ్రులున్నారు, దాని ప్రవేశ పరీక్ష వేరే ఉంటుందని కూడా తెలియదు. కోరాపుట్‌లో సెంట్రల్ యూనివర్సిటీ 2009లో వచ్చింది. పోటీ పరీక్షలో గెలిచి పోయే దూరం వేరు, ఫీజు కట్టి కొనుక్కునే దూరం వేరు. నేను వద్దంటున్నది రెండోదాన్ని.

అసలు అందరూ కాలేజీకి వెళ్ళాలా?

2021-22 ప్రభుత్వ సర్వే ప్రకారం మన దేశంలో ఉన్నత విద్యలో స్థూల నమోదు 28.4 శాతం. 18 నుంచి 23 ఏళ్ళ వయసు లెక్కలో వందకి ముప్పై కూడా లేదు. అంటే కాలేజీకి వెళ్ళనివాళ్ళే ఎక్కువ, వాళ్ళూ పనిచేసి ఇళ్ళు నడుపుతున్నారు. కాలేజీ ఇష్టంలేని పిల్లణ్ణి బలవంతంగా మూడేళ్ళు కూర్చోబెట్టొద్దు. కానీ ఇష్టమున్న పిల్ల డబ్బు లేకనో, ఎవరూ ఫారం నింపిపెట్టకనో ఆగిపోకూడదు. సవర ఇళ్ళ నుంచి మొదటిసారి కాలేజీకి వచ్చిన పిల్లలు కాలేజీ ప్రవేశాల సామ్స్ పోర్టల్ ముందు ఎలా తికమకపడేవారో నాకు తెలుసు. అలాంటి పిల్ల మీ వీధిలో ఉంటే మీ పిల్లడి ఫారంతో పాటు ఆ పిల్లదీ నింపిపెట్టండి.

కాలేజీ మారదామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు, మిగతా ఏళ్ళ ఫీజు కూడా కట్టమంటున్నారు. ఏం చేయాలి?

మా తమ్ముడి కూతురికి ఇదే జరిగింది. మూడు నెలలు తిప్పారు. కళ్ళు తిరిగి పడిపోయేంత ఎండలో ఆ గేటు ముందు నిలబడ్డాం.

2018 అక్టోబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది: కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదు, సరిచూసి తిరిగి ఇచ్చేయాలి. సీటు వదులుకుంటే ఎన్ని రోజుల్లో ఎంత ఫీజు తిరిగి ఇవ్వాలో కూడా అందులో ఉంది. నోటిమాటగా అడగొద్దు. ప్రిన్సిపాల్ పేరున కాగితం రాసి, ఆ యూజీసీ ప్రకటన ప్రతి జతచేసి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయం అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తర్వాత యూనివర్సిటీకి, ఆపైన యూజీసీ ఫిర్యాదుల పోర్టల్‌కి. మా పిల్ల సర్టిఫికెట్లు రిజిస్టర్డ్ పోస్టు వెళ్ళిన తొమ్మిదో రోజున వచ్చాయి.

ఇంకొకటి. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి మారేటప్పుడు సీఎల్‌సీతో పాటు మైగ్రేషన్ సర్టిఫికెట్ తప్పనిసరిగా అడుగుతారు. అది పోయిన ఏడే తీసి పెట్టుకోవాల్సిన కాగితం, అడ్మిషన్ చివరి రోజున బోర్డు ఆఫీసుకి పరిగెత్తి తెచ్చుకునేది కాదు. మెట్రిక్ అవగానే అన్నిటికీ నాలుగేసి జెరాక్సులు తీయించి, ఒరిజినల్స్ ఒక కవరులో, రెసిడెంట్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇంకో కవరులో పెట్టి, కవరు మీద పిల్ల పేరు రాసి బీరువాలో పెట్టండి. ఆదాయం సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది, జూన్ రాకముందే తేదీ చూసుకోండి.